ఆడబిడ్డ సంతకం ఖరీదెంత?

హైదరాబాద్ చుట్టూ ఉన్న షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం, చేవెళ్ల వంటి ఊళ్లు ఎంత పెరిగాయో అందరూ రోడ్లతో, వెంచర్లతో కొలుస్తారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చాక జొన్న, కంది పండిన చెలకలు గజాల లెక్కన అమ్ముడుపోతున్నాయి. అలాంటి ఊళ్లోనే ఉంటూ, రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు పడిగాపులు కాసే ఆడవాళ్లను చూస్తున్న నేను ఇంకో కొలత అడుగుతున్నాను. ఈ పట్టణాలు ఎంతమంది ఆడబిడ్డల సంతకాల మీద లేచాయి?

1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇచ్చింది. కానీ 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయినవాళ్లను బయట పెట్టింది. 2005 కేంద్ర సవరణ ఆ గీతను చెరిపేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మంచిదే. అయితే ఈ చట్టాన్ని మా ప్రాంతంలో అందరికంటే శ్రద్ధగా చదివింది భూమి కొనేవాళ్ల వకీళ్లు. రేపు ఏ కూతురో కోర్టుకెక్కితే ప్లాట్లు ఆగిపోతాయని వాళ్ల భయం. అందుకే అక్కచెల్లెళ్లందరూ సంతకం పెడితేగాని బేరం తెగదు. నాగలి కట్టిన ఏళ్లలో, కరువుకు బోర్లు ఎండిన ఏళ్లలో ఎవరికీ గుర్తురాని ఆడబిడ్డ అమ్మకం రోజున గుర్తొస్తుంది. కారు పంపిస్తారు. చీర పెడతారు. ఒడిబియ్యం పోస్తారు. సంతకం అయ్యాక మళ్లీ బస్సెక్కిస్తారు.

దీన్నే కొందరు 'ఇష్టపూర్వకంగా వదులుకోవడం' అంటున్నారు. ఆమెకు చట్టం తెలియదనీ, అవగాహన సదస్సు పెడితే సరిపోతుందనీ మనలోనూ కొందరి నమ్మకం. తెలియకేం! వాటా ఉందని తెలిసే వస్తోంది. "అన్నలతోని కొట్లాడి తల్లిగారింటి తొవ్వ మూసుకుంటనా?" అన్నది నేను పదేపదే విన్న మాట. మొగుడు కొడితే పారిపోయి రావడానికి ఆమెకున్నది ఆ ఒక్క గడపే. ఆ గడపను తాకట్టు పెట్టించి రాయించుకున్నదాన్ని ఇష్టం అనడానికి నాకు నోరు రాదు.

కట్నం ఇచ్చాం కదా అనే వాదన మరీ విడ్డూరం. 1961 నుంచీ కట్నం నేరం. ఇచ్చినా అది ఆమెకే చెందాలని అదే చట్టం చెబుతోంది. అత్తింటి చేతిలో పోసిన సొమ్మును, అదీ ఎప్పటిదో సొమ్మును, ఇవాళ కోట్లు పలికే ఎకరాలకు చెల్లింపుగా చూపిస్తున్నారు. ఒక నేరాన్ని రసీదుగా వాడుకోవడమన్నమాట!

అధికారులను అడిగితే చట్టం ప్రకారమే చేశామంటారు, నిజమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద మనిషి ఆమేనా, సంతకం ఆమెదేనా అని చూస్తే వాళ్ల పని అయిపోతుంది. డబ్బు ముట్టిందా, ఎంత ముట్టింది, పక్కన నిలబడ్డ అన్న లేకపోతే ఆమె ఏమనేది? ఇవి ఏ కాగితంలోనూ లేని ప్రశ్నలు. అవి కాగితంలోకి రావాలి. హక్కు వదులుకునే స్త్రీని విడిగా కూర్చోబెట్టి, ఆమె భాషలో దస్తావేజు చదివి వినిపించాలి. ఆమె వాటా విలువెంతో, అందులో ఎంత ఆమె సొంత ఖాతాలో పడిందో రాయాలి. వెంటనే కాకుండా కొన్ని రోజులు గడిచాకే ఆ దస్తావేజు చెల్లుబాటు కావాలి. అమ్మకాలు ఆలస్యమవుతాయా? అవనివ్వండి.

వెంచర్‌గా మారిన చెలకలో కలుపు తీసిన కూలీ స్త్రీలకు ఈ సంతకం కూడా లేదు. ప్రభుత్వం భూమి సేకరిస్తే, మూడేళ్లుగా దానిమీదే బతికిన కూలీలను నష్టపోయిన కుటుంబాలుగా 2013 చట్టం లెక్కించింది. ప్రైవేటు వ్యాపారి ఎకరం తర్వాత ఎకరం కొనుక్కుంటూ పోయేచోట ఆ లెక్క ఎవరూ తీయరు. వాళ్లలో చాలామంది ఇప్పుడు అదే నేలమీద లేచిన ఇళ్లలో అంట్లు తోముతున్నారు.

మండల కేంద్రాల్లో పనిచేస్తున్న మన సంఘాలకు ఒక మాట. సదస్సుల బ్యానర్లు కొన్నాళ్లు చుట్టిపెట్టి, రిజిస్ట్రేషన్లు జరిగే రోజుల్లో ఆఫీసు గేటు దగ్గర, డాక్యుమెంట్ రైటర్ల బల్లల పక్కనే మనదీ ఒక బల్ల వేద్దాం. దస్తావేజు చదివిపెట్టగల మనిషి ఒకరు, సంతకం పెట్టకుండా వెనక్కి వెళ్లిన ఆడబిడ్డకు ఆ రాత్రి తలదాచుకునే చోటు ఒకటి. ఈ రెండూ సిద్ధం చేసుకున్నాకే బల్ల వేద్దాం.