బండి రేటు తగ్గింది.. ట్యాంకు ఖర్చు తగ్గలేదు! అనంతపురం జేబుకు బార్డర్ లెక్క

అనంతపురంలో నలుగురు ఓ టీ కొట్టు దగ్గర కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి వచ్చేది రెండు విషయాలకే. ఒకటి వాన. రెండోది పెట్రోల్ రేటు. మధ్యలో ఆర్సీబీ, బాలయ్య సినిమా ఎలాగూ ఉంటాయి. వాన మన చేతుల్లో లేదు, సరే. మరి పెట్రోల్ సంగతేంటి? పక్కనే ఉన్న కర్ణాటకలో ఒక రేటు, ఇక్కడ ఇంకో రేటు. ఎందుకిలా? దీని వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఆ లెక్క ఒకసారి చూద్దాం.

తేడా ఎంత?

2025 చివరికి బెంగళూరులో లీటరు పెట్రోల్ దాదాపు 103 రూపాయలు. అనంతపురంలో 110కి దగ్గర్లో ఉండేది. డీజిల్‌లోనూ ఇంచుమించు ఇదే తేడా. అంటే బార్డర్ దాటితే లీటరుకు ఆరేడు రూపాయలు మిగులుతాయి.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఈ బార్డర్ ఎక్కడో దూరంగా లేదు. రాయదుర్గం వాళ్లకు బళ్లారి దగ్గర. హిందూపురం వాళ్లకు గౌరిబిదనూరు ఇంకా దగ్గర. మడకశిరకైతే దాదాపు చుట్టూ కర్ణాటకే. ఆస్పత్రికైనా, ఉద్యోగానికైనా, పెళ్లి బట్టలకైనా అటు పోయి రావడం ఇక్కడ మామూలే. అందుకే రేట్ల తేడా టీవీలో చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. బంకు బోర్డు మీదే కనిపిస్తుంది.

అసలు కారణం పన్నులే

పెట్రోల్ మీద ముందు కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది. దాన్ని కలుపుకుని వచ్చిన ధర మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. అంటే పన్ను మీద పన్ను అన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్‌పై వ్యాట్ 31 శాతం. ఆ పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్. 2020లో వచ్చిన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్‌తో పాటు ఇవే అదనపు వడ్డింపులు ఉన్నాయి.

కర్ణాటకలో పెట్రోల్‌పై పన్ను 29.84 శాతం. శాతాల్లో చూస్తే తేడా చిన్నదే. అసలు దెబ్బ ఆ పైన పడే ఐదు రూపాయలది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. 2021 నవంబర్‌లో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోల్‌పై 5, డీజిల్‌పై 10 రూపాయలు తగ్గించింది. అప్పుడు కర్ణాటక తన వాటాగా ఇంకో 7 రూపాయలు తగ్గించింది. ఏపీ తగ్గించలేదు. దాంతో 2024 జూన్ మొదట్లో కూడా బెంగళూరులో లీటరు పెట్రోల్ వంద లోపే దొరికేది. తర్వాత ఆ నెలలోనే కర్ణాటక పెట్రోల్‌పై 3 రూపాయలు పెంచింది. డీజిల్‌పైనా పెంచి, 2025 ఏప్రిల్‌లో మరో 2 రూపాయలు వేసింది. అంటే ఈ రెండేళ్లలో తేడా తగ్గింది నిజమే. కానీ ఇక్కడ రేటు దిగి కాదు.. అక్కడ రేటు పెరిగి!

లాభం ఎవరికి?

రాయదుర్గం నుంచి బళ్లారి దాదాపు 50 కిలోమీటర్లు. కేవలం పెట్రోల్ కోసం బండేసుకుని పోయి వస్తే వంద కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి రెండు లీటర్లకు పైనే ఖర్చు. పది లీటర్లు పట్టించినా మిగిలేది 70 రూపాయలు. అంటే నష్టమే.

అదే లారీ అయితే? ఎలాగూ బెంగళూరు రూట్లో పోయేదే. బార్డర్ అవతల 300 లీటర్ల డీజిల్ పట్టిస్తే ఒక్క ట్రిప్పుకు దాదాపు 2 వేలు మిగులుతాయి. అందుకే పెద్ద బండ్లు అటువైపు బంకులకే పోతాయి. ఇటువైపు బంకులకు బేరం పోతుంది, రాష్ట్రానికి రావాల్సిన పన్నూ పోతుంది.

మరి పూర్తి పన్ను ఎవరు కడుతున్నారు? ఎక్కడికీ కదలలేని వాళ్లు. రోజూ వంద రూపాయల పెట్రోల్ కొట్టించుకుని డ్యూటీకి పోయేవాళ్లు. సొంత ఊర్లోనే మడి దున్నే ట్రాక్టర్ వాళ్లు. నెలకు 30 లీటర్లు వాడే మామూలు ఉద్యోగికి ఈ తేడా నెలకు 200 రూపాయలు. ఏడాదికి దాదాపు 2,500. చిన్న మొత్తంలా కనిపించినా, అది ఒక ఇంటి గ్యాస్ బండలు రెండు మూడింటి ఖర్చు.

రైతు దగ్గరకొస్తే లెక్క ఇంకా బరువు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. శనక్కాయ రైతుకు పదును దొరికేదే రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో ట్రాక్టర్ బాడుగ ఎంత చెబితే అంత. డీజిల్ రేటు పెరిగితే ఆ భారం బాడుగలో కలిసిపోతుంది. వాన మొహం చాటేస్తే మళ్లీ దున్నాలి, మళ్లీ విత్తాలి. అంటే డీజిల్ ఖర్చు రెండు సార్లు.

టమోటా రైతుదీ అదే బాధ. కక్కలపల్లి మండీలో 15 కిలోల బాక్సు రేటు పూటకోలా మారుతుంది. లారీ బాడుగ మాత్రం మారదు. రేటు పడిపోయిన రోజు రవాణా ఖర్చు కూడా రాక కాయలు రోడ్డు పక్కన పారబోసిన దృశ్యాలు ఇక్కడ కొత్త కాదు.

ఫ్రీ బస్సు, ఆటో, బెనిఫిట్ షో

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఉచిత బస్సు వచ్చింది. ఊర్ల నుంచి టౌనుకు పోయే ఆడవాళ్లకు ఇది పెద్ద ఊరటే. కానీ రాష్ట్రం దాటే బస్సులకు ఇది వర్తించదు. ఈ జిల్లా నుంచి పని కోసం పోయేది ఎక్కువగా బెంగళూరుకే కదా! ఆ టికెట్ మాత్రం కొనాల్సిందే.

ఆటోవాళ్ల బేరాలు తగ్గాయని ప్రభుత్వం అక్టోబర్ 4న ఏడాదికి 15 వేల సాయం మొదలుపెట్టింది. రోజుకు పంచితే 41 రూపాయలు. అర లీటరు డీజిల్ కూడా రాదు.

ఇక సరదా సంగతి. సెప్టెంబర్‌లో 'ఓజీ' బెనిఫిట్ షో టికెట్ వెయ్యి రూపాయలు. ఆ డబ్బుకు ఇక్కడ తొమ్మిది లీటర్ల పెట్రోల్ వస్తుంది. బండి మీద బెంగళూరు దాకా పోయి దాదాపు తిరిగి వచ్చేయొచ్చు! అయినా హాళ్లు నిండాయి. సినిమా ఇష్టమైతే ఒకసారి పెట్టే ఖర్చు, వద్దనుకుంటే మానేయొచ్చు. పెట్రోల్‌ను అలా మానలేం. తేడా అదే.

ఆటల్లోనూ ఈ దూరం అడ్డొచ్చింది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్‌లో జరిగాయి. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్, అక్షర్ పటేల్ ఇక్కడ ఆడారు. ఇషాన్ కిషన్, సంజూ శాంసన్ సెంచరీలు కొట్టారు. కానీ మొదటి రౌండ్‌లో ఒక మ్యాచ్ మాత్రం బెంగళూరుకు పోయింది. కారణం.. ఇక్కడికి విమానం లేదు.

తగ్గే దారి ఉందా?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న బైకులపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బండి కొనడం సులువైంది. దాంట్లో పోసే పెట్రోల్ మాత్రం 2017 నుంచీ జీఎస్టీ బయటే ఉంది. లోపలికి తేవాలంటే రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఖజానాకు ఇంత పక్కాగా వచ్చే డబ్బును ఏ రాష్ట్రమూ అంత తేలిగ్గా వదులుకోదు.

కాబట్టి మిగిలింది ఆ అదనపు ఐదు రూపాయలే. దాన్ని తగ్గించడానికి ఢిల్లీ దాకా పోవాల్సిన పని లేదు, నిర్ణయం అమరావతిలోనే ఉంది. అది తీసేస్తే తేడాలో చాలా భాగం పోతుంది, కొన్ని లారీలైనా ఇటు బంకులకు తిరిగొస్తాయి. అయితే రోడ్లకు, పథకాలకు ఆ డబ్బు ఇంకెక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న కూడా నిజమైనదే. దానికి జవాబు దొరికే దాకా రాయదుర్గం రైతు ఎక్కువ రేటు పెట్టే పోయించుకోవాలి.