కారే పైపును వేలితో తడమకండి

తుంగభద్ర కాలువ కింద మా క్యాంపుల్లో పాత ట్రాక్టర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తొట్టి ఎత్తే జాకీకి నూనె తీసుకెళ్ళే రబ్బరు పైపు వాటికి తరచు చీకుతుంది. మొన్న మా తమ్ముడి కొడుకు ఇంజను ఆపకుండానే, ఎక్కడ కారుతోందో వేలితో తడమబోయాడు. గట్టిగా అరిచాను. వంగని నా ఎడమ చూపుడు వేలు చూపించాక గాని వాడికి సంగతి బోధపడలేదు.

లారీ టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 100 పౌన్లయితే, ఈ పైపులో నూనెది 2,000 దాటవచ్చు. సూదిమొనంత బెజ్జంలోంచి వచ్చే ధార కంటికి ఆనదు, చర్మంలోకి దిగిపోతుంది. నాకు చీమ కుట్టినట్లే ఉంది. తుడుచుకుని భోజనానికి కూర్చున్నాను. తెల్లారేసరికి మోచేతి దాకా వాపు. ఆసుపత్రిలో "ముల్లు గుచ్చుకుంది" అన్నాను, అదీ నా తెలివి! నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రికి వెళ్ళి, ఒత్తిడితో నూనె లోపలికి ఎక్కిందని చెప్పాలి.

ఇక మరమ్మతు. తొట్టి పూర్తిగా దించి, ఇంజను ఆపి, లివరు రెండు మూడుసార్లు అటూ ఇటూ ఆడిస్తే ఒత్తిడి దిగుతుంది. సైకిలు ట్యూబు చుట్టడాలూ, క్లిప్పులు బిగించడాలూ పనికిరావు. పైపు విప్పి, కొసలు ప్రెస్సుతో నొక్కే దుకాణంలో అదే కొలతతో, అంత ఒత్తిడికీ ఆగే తీగల అల్లిక పైపు చేయించుకోండి. బిగించేటప్పుడు మెలిక పడనివ్వకండి. తర్వాత ఇంజను వేసి, దూరంగా నిలబడి, పొడుగుకర్రకు కట్టిన అట్టముక్కను పైపు వెంబడి నడపండి. కారుతుంటే మచ్చ పడుతుంది.

మావాడే కర్ర పట్టుకున్నాడు. మచ్చ పడలేదు.