పైస్థాయిలోనే గుచ్చుకుంటే...

ఇంట్లోనే పాట రికార్డు చేశారు. పల్లవి హాయిగా ఉంది. చరణంలో పైస్థాయి అందుకునేసరికి మాత్రం గొంతు చెవిలో గుచ్చుకుంటోంది. మామూలు ఈక్వలైజర్‌తో 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల తగ్గిస్తే ఆ బాధ తీరుతుంది. దాంతోపాటే పల్లవిలోని స్పష్టతా పోతుంది! పాడేవారు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది.

డైనమిక్ ఈక్వలైజర్ ఆదుకునేది ఇక్కడే. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం మీరు పెట్టిన హద్దు దాటితేనే తగ్గిస్తుంది. హద్దు లోపలికి రాగానే వదిలేస్తుంది. ఈ హద్దునే త్రెషోల్డ్ అంటారు.

మరి ఏ ప్లగిన్ తీసుకోవాలి? డబ్బు పెట్టేముందు టోక్యో డాన్ ల్యాబ్స్ వారి 'నోవా' వాడి చూడండి. ఉచితంగానే దొరుకుతుంది. అందులో డైనమిక్‌గా పనిచేసే బ్యాండ్లు నాలుగు. ఒక గొంతును చక్కదిద్దడానికి అవి చాలు. త్రెషోల్డ్, ఎటాక్, రిలీజ్ అన్నీ స్వయంగా పెట్టుకోవాలి కాబట్టి పనీ వస్తుంది.

ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూలో ఈ సదుపాయం 2018లో, మూడో వెర్షన్‌తో వచ్చింది. 24 బ్యాండ్లు, కళ్లకు ఇంపైన తెర. ఇంటి స్టూడియోకి ధర బరువే. రోజూ మిక్సింగ్ చేసేవారికైతే గిట్టుబాటు. 30 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు, తొందరేమీ లేదు.

ఏదైనా తెర చూసి కాదు, చెవితో ఎంచుకోండి. ప్లగిన్ ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ శబ్దం ఒకే స్థాయిలో ఉండేలా చూసుకుని వినాలి. లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు తోస్తుంది.

పాట మొదట్నుంచీ చివరిదాకా గుచ్చుకుంటోందా? ఇవేవీ వద్దు. మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు జరిపి మళ్లీ పాడించండి.