కమిలో తీరాన ముందు కథ, తర్వాతే సంచి

హవాయి పెద్ద దీవికి ఆగ్నేయాన కమిలో అనే తీరం ఉంది. అక్కడ చెత్త ఏరడానికి వెళ్లే విద్యార్థి బృందాలు ముందు ఆ నేల కథ వినాలి, ఆ తర్వాతే సంచులు విప్పాలి. సముద్ర ప్రవాహాలు మెలితిరిగి చేరే చోటు అది; పేరులోనే ఆ సుడి ఉంది. ఒకప్పుడు అమెరికా వాయవ్య తీరపు అడవుల్లోని మహావృక్షాలు కొట్టుకొచ్చి ఇక్కడ ఒడ్డెక్కేవి, దీవివాసులు వాటిని పడవలుగా తొలిచేవారు. కడలిలో తప్పిపోయిన అయినవాళ్ల దేహాల కోసం వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చేవారని చెబుతారు. అదే ప్రవాహం ఇవాళ తెగిన వలలు, సీసా మూతలు, బియ్యపుగింజంత ప్లాస్టిక్ ముక్కలు మోసుకొస్తోంది. కరిగిన ప్లాస్టిక్ రాళ్లతో, ఇసుకతో, పగడపు ముక్కలతో అతుక్కుపోయిన కొత్తరకం శిలను శాస్త్రవేత్తలు 2014లో లోకానికి చూపించింది ఇక్కడి నుంచే. ఇదంతా తెలియని పిల్లవాడి కంటికి అది మురికిపట్టిన ఒడ్డు, అంతే. ఆ కథతోపాటు అక్కడి మాటలూ తెలియాలి. హవాయి భాషలో ‘కులెయానా’ అంటే హక్కు, బాధ్యత కూడా. రెంటికీ ఒకటే మాట, ఎంత గొప్ప మాట! కొత్త చోట అడుగుపెట్టేముందు ‘ఓలీ’ అనే స్తోత్రం పఠించి అనుమతి అడగడం హవాయివాసుల ఆచారం. 1896 చట్టంతో బడులకు దూరమైన ఆ భాష మళ్లీ అధికార భాష కావడానికి 1978 దాకా పట్టింది. అందులో పది మాటలైనా నేర్పకుండా, చివరి సాయంత్రం పూలదండలతో, హులా నాట్యంతో సంస్కృతి పాఠం ముగించే యాత్రలు నన్ను బాధపెడతాయి. ఒక పూట ఏరడం మానేసైనా పిల్లల్ని అక్కడి పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. చెత్త తెల్లారేసరికి మళ్లీ ఒడ్డుకు చేరుతుంది.