ఫైరింజన్లు సరే, వైర్‌లెస్ మాట కలిసేదెప్పుడు?

2021 నవంబర్‌లో పెన్న పొంగినప్పుడు నెల్లూరు జిల్లా రెండు ముక్కలైంది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. విజయవాడ, చెన్నై మధ్య బండ్లు ఎక్కడివక్కడ ఆగాయి. అలాంటి రోజున ఏటికి అవతలున్న ఫైరింజన్‌కు ఇవతలి సంగతి ఎవరు చెప్పాలి? పోలీసులది ఒక వైర్‌లెస్, అగ్నిమాపక సిబ్బందిది ఇంకొకటి. ముందే ఛానెల్ కలిపి ఉంచితే తప్ప ఒకరి సెట్టులో మాట్లాడింది మరొకరి సెట్టులో వినపడదు. ఇక మిగిలేది సెల్‌ఫోను.

దాన్ని ఎంతవరకు నమ్ముకోవచ్చో విశాఖ చూసింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటగానే కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి.

నెల్లూరు తీరంలో ఈ బెంగ కృష్ణపట్నం దగ్గర మరీ ఎక్కువ. రేవు, నేలటూరు థర్మల్ కేంద్రం, వంటనూనె శుద్ధి కర్మాగారాలు అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్కడ పెద్ద మంట లేస్తే రేవు సొంత అగ్నిమాపక దళం, కర్మాగారాల దళాలు, ప్రభుత్వ ఫైరింజన్లు, పోలీసులు, రెవెన్యూ అధికారులు, కోస్ట్ గార్డ్ ఒక్కచోటికే పరుగెత్తాలి. ఓడలు, పెద్ద బోట్లు ఆపదలో పిలిచేది 156.8 మెగాహెర్ట్జ్ మీద, అంటే మెరైన్ ఛానెల్ 16లో. రోడ్డు మీదున్న ఫైరింజన్ సెట్టు ఆ ఛానెల్‌ది కాదు. గాలి మళ్లి మంట రేవువైపు తిరిగిందన్న కబురు మనిషి చేత పంపాల్సి వస్తే, ఆ కబురు చేరేలోపు మంటే ముందు చేరుతుంది.

ఇందుకు డబ్బు లేదనడానికి వీల్లేదు. రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్ర హోంశాఖ 2023 జులైలో రూ.5,000 కోట్ల పథకం ప్రారంభించింది. 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి తీసిన సొమ్ము అది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలు పది శాతం, ఆంధ్రప్రదేశ్ లాంటి మిగతా రాష్ట్రాలు 25 శాతం భరించాలి. కొత్త స్టేషన్లు, శిక్షణ, పరికరాలతో పాటు సాంకేతిక ఆధునికీకరణ కూడా ఆ పథకంలో ఉంది. అంటే వైర్‌లెస్‌కు తలుపు తెరిచే ఉంది. అయితే కొత్త ఫైరింజన్‌కు జెండా ఊపి ఫొటో దిగవచ్చు, సిగ్నల్‌ను దూరానికి అందించే రిపీటర్‌కు ఆ భాగ్యం లేదు. అందుకే గ్రాంటులోనే షరతు ఉండాలి: పొరుగు శాఖతో మాట్లాడలేని సెట్టు కొనడానికి పైసా ఇవ్వకూడదు.

ఈ షరతు ఎంత అవసరమో న్యూయార్క్ ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 2001 సెప్టెంబర్ 11న ఉగ్రదాడిలో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దక్షిణ టవర్ కూలిన 29 నిమిషాలకు ఉత్తర టవర్ కూలింది. ఆ మధ్యలో బయటికి రమ్మన్న ఆజ్ఞ లోపలున్న అగ్నిమాపక సిబ్బందిలో చాలామందికి వినపడలేదు. పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ నుంచి వచ్చిన హెచ్చరిక అగ్నిమాపక అధికారులకు అందలేదు. ఆ రోజు అగ్నిమాపక శాఖ 343 మందిని పోగొట్టుకుంది. తర్వాత 2007లో అమెరికా ఒకరితో ఒకరు మాట్లాడుకోగల రేడియోల కోసమే దాదాపు వంద కోట్ల డాలర్ల గ్రాంటు కేటాయించింది. అంతకు ముందు ఏడాదే మరో పని చేసింది. పలు శాఖలు కలిసి దిగేచోట అంకెల కోడ్ భాష మాని మామూలు మాటల్లో మాట్లాడాలని, కేంద్ర నిధులకు అదీ షరతని చెప్పింది. ఆ రెండోది మనకు ఇంకా దగ్గరిది. సెట్లు కలిసినా ఒక శాఖ కోడ్ మరో శాఖకు అర్థం కాకపోతే ఏం లాభం? తెలుగులో నేరుగా చెప్పే నాలుగు మాటలు చాలు.

నెల్లూరులో చేయాల్సిన పని కొండంతదేమీ కాదు. అన్ని శాఖలకూ ఒక ఉమ్మడి అత్యవసర ఛానెల్ కేటాయించాలి, దానికి కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం అనుమతి కావాలి. పాత సెట్లు పారేయనక్కర్లేదు, వేర్వేరు ఛానెళ్లను కలిపే గేట్‌వే కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌లో ఉంటే చాలు. జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా సిగ్నల్ అందేలా రిపీటర్లు, నీట మునగని ఎత్తులో వాటి బ్యాటరీలు కావాలి. వాటి మరమ్మతుకు ఏటా డబ్బు కూడా గ్రాంటులోనే రాయాలి. కొన్న రోజు పలికి మూడో ఏడాది తుపానుకు పలకని పరికరాన్ని ఏం చేసుకోవాలి?

ప్రమాదకర రసాయనాల నిబంధనలు వర్తించేచోట కర్మాగారం వెలుపలి అత్యవసర ప్రణాళికకు ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ జరగాలి. ఈసారి కృష్ణపట్నంలో జరిపే రిహార్సల్‌లో కలెక్టర్ మొదలుకొని ఫైర్‌మన్ దాకా అందరి సెల్‌ఫోన్లూ ఒక గంట కట్టేయించాలి. రేవులో ఉన్నవాడు అడిగింది ముత్తుకూరు రోడ్డు మీదున్న ఫైరింజన్‌కు వినపడిందా లేదా రాసుకుని, ఆ కాగితాన్నే గ్రాంటు దరఖాస్తుకు జతచేసి పంపాలి.