పేరుకు సూర్య పగడం, ఎండతో పని లేదు

కిందటి సంచికలో ఇంట్లో మంచినీటి చేపల తొట్టి పెట్టుకోవడం గురించి వ్రాశాను. అది చదివి హోసూరు నుంచి ఒకరు, బెంగుళూరు నుంచి ఇద్దరు ఫోను చేసి, "ఉప్పునీటి తొట్టిలో పగడాలు కూడా పెంచుతారట కదా, ఆ సంగతి వ్రాయండి" అన్నారు. మా కావేరిపట్టణం పేరు విని మాకు సముద్రం దగ్గరనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కావేరి సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు పూంపుహార్‌ను కావేరిపూంపట్టణం అనేవారు. అది వేరు, మాది వేరు. మాది దక్షిణ పెన్న ఒడ్డున, మామిడి తోటల మధ్య ఉన్న ఊరు. సముద్రం చూడాలంటే బస్సులో నాలుగైదు గంటలు కూర్చోవాలి. అయినా పగడాలకు మేత పెట్టడం నాకు చేతనైన పనే. అది సముద్రం ఒడ్డున నేర్చుకున్నది కాదు, హ్యూస్టన్‌లో ఒక ముందుగదిలో నేర్చుకున్నది.

మా అన్న కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. 2023లో కూడబెట్టుకున్న సెలవంతా వాడి, నేనూ మా ఆవిడా ఆరు వారాలు వాడింట్లో ఉన్నాం. ముందుగదిలో గోడ పక్కన 280 లీటర్ల ఉప్పునీటి తొట్టి ఉంది. పైభాగాన నీలం దీపాల కింద రకరకాల పగడాలు, కింద ఒక రాతి చూరు నీడలో పిడికిలంత నారింజ రంగు ముద్ద. పగలు చూస్తే అందులో చూడడానికేమీ లేదు. ముడుచుకుపోయిన మొగ్గల్లా గొట్టాలు, అంతే. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత ఒక్కొక్క గొట్టం నుంచి పసుపుపచ్చని రేకులు బయటికొచ్చి, మన హోసూరు సంతలో బంతిపూల గంపలా విచ్చుకుంటుంది. దాన్నే సన్ కోరల్, అంటే సూర్య పగడం అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ట్యుబాస్ట్రియా.

ఈ పేరులోనే తిరకాసు ఉంది. మామూలుగా దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఎండ తగిలితే ఆ నాచు ఆహారం తయారుచేసి, ఇల్లిచ్చిన పగడానికి అద్దె కింద ఇస్తుంది. ఆ పగడాలకు కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా ఇలా వచ్చేదేనని చెబుతారు. అందుకే అవి లోతు తక్కువైన, ఎండ బాగా దిగే నీళ్ళలో పెరుగుతాయి. ఇళ్ళలో పెంచేవాళ్ళు దీపాల మీద అంత డబ్బు పోసేది కూడా అందుకే. సూర్య పగడానికి ఆ అద్దె రాబడి లేదు. దాని ఒంట్లో నాచు లేదు. గుహల్లో, రాతి చూరుల కింద, చీకటి చోట్ల ఉంటూ, రాత్రి పూట నీటి ఒరవడికి కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని పట్టుకుని తింటుంది. రంగు చూసి సూర్యుడి పేరు పెట్టారే గాని సూర్యుడితో దానికి లావాదేవీ లేదు. మన ఆడవాళ్ళు తాళిలో గుచ్చుకునే ఎర్ర పగడం కూడా ఇలాంటిదే. తెగ వేరైనా, మధ్యధరా సముద్రంలో వెలుగు తగ్గిన చోట్ల, నాచు సాయం లేకుండా నోటితో తిని పెరిగేదే.

రాబడి లేని ఖాతా అన్నాక రోజూ ఎవరో ఒకరు జమ చెయ్యాలి కదా. తొట్టిలో ఆ పని మనిషిది. చేపలకైతే చిటికెడు మేత చల్లి మన పని మనం చూసుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. ఆ ముద్ద మీద నలభై పైచిలుకు నోళ్ళున్నాయి. ప్రతి నోరూ ఒక జీవి. ఒకటి తిన్నది పక్కదానికి చాలినంతగా అందదని పెంచేవాళ్ళ అనుభవం. "చిన్నాయనా, ఒక్కో నోటికి ఒక్కో రొయ్య పెట్టాల. ఒకదాన్ని మరిచిపోతే అది పస్తే" అని మావాడు మొదటి రోజే చెప్పాడు. రోజు విడిచి రోజు రాత్రి ఎనిమిదింటికి ఆ పని చేసేవాడు. వాడూ మా కోడలూ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చే రోజుల్లో ఆ పని నాకు వచ్చింది.

పద్ధతి చెబుతాను. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మైసిస్ అనే సన్నరొయ్యల బిళ్ళలుంటాయి. ఒక బిళ్ళను గిన్నెలో తొట్టినీళ్ళు పోసి కరగనివ్వాలి. కరిగాక టీ వడపోసే జల్లెడలో వేసి, ఆ నీళ్ళు ఇంకో గిన్నెలోకి దించుకోవాలి. ముందుగా ఆ వాసన నీళ్ళు రెండు చుక్కలు పగడం మీదుగా వదలాలి. అప్పుడు దానికి భోజనం వేళయిందని తెలుస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో మొగ్గలు ఉబ్బి, రేకులు బయటికొస్తాయి. అప్పుడు నీటిని తిప్పే పంపులు ఆపి, పొడుగాటి పిప్పెట్‌తో ఒక్కొక్క రొయ్యను ఒక్కొక్క నోటి మీద మెల్లగా దించాలి. పీల్చి గట్టిగా కొడితే నోరు ముడుచుకుంటుంది, మళ్ళీ తెరిచేదాకా కాచుకోవాలి. రొయ్య తగలగానే రేకులన్నీ లోపలికి మడుచుకుని పిడికిలి బిగిస్తుంది. అది మింగిందని గుర్తు. నలభై నోళ్ళకూ పెట్టేసరికి అరగంట పడుతుంది.

ఈ అరగంటలో దొంగల బెడద ఒకటి. తొట్టిలో ఒళ్ళు శుభ్రం చేసే ఎర్రచారల రొయ్య ఉంటుంది, అందరికీ సేవ చేస్తుందని తెచ్చి వేస్తారు. అది వచ్చి పగడం నోట్లోకి కాళ్ళు పెట్టి, మింగబోతున్న ముద్దను లాగేసుకుపోతుంది. మావాడు దానికో ఉపాయం కనిపెట్టాడు. ముందు దాని వాటా దానికి తొట్టి అవతలి మూలలో ఇచ్చేస్తాడు. అదీ చాలదనుకుంటే అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాను పగడం మీద బోర్లించి, మూతి గుండా మేత పెడతాడు. పంక్తి భోజనానికి కాపలా అన్నమాట. పని చూసేవాళ్ళకు నవ్వొస్తుంది గాని, అలా చెయ్యకపోతే మనం పెట్టామనుకున్నదొకటి, అది తిన్నదొకటి అవుతుంది.

ఎక్కువ పెట్టినా చిక్కే. తినగా మిగిలింది నీళ్ళలో కుళ్ళి నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి. సూర్య పగడం కొంత ఓర్చుకున్నా పైనున్న పగడాలు ఓర్చుకోవు, రాళ్ళకు పాచి పడుతుంది. జల్లెడలో కడగడం అందుకే, మలినాన్ని నురగగా లాగేసే స్కిమ్మర్ అందుకే, వారానికి పదో వంతు నీళ్ళు మార్చడమూ అందుకే. నీటి వేడి 25 డిగ్రీల ప్రాంతంలో, ఉప్పు లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలకడగా ఉండాలి. ఎముక లాంటి గూడు కట్టుకోవడానికి లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నీళ్ళు మటుకు ఆర్వో నీళ్ళే. మా జిల్లాలో బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌కు భయపడి, మనుషులకే హొగెనకల్ నుంచి నీళ్ళు తెచ్చే పథకం 2013లో మొదలుపెట్టారు. ఇంక పగడానికి ఆ బోరు నీళ్ళు పోస్తామా?

దీని ఆకలి వెంటనే బయటపడదు. చేప పస్తుంటే నాలుగు రోజుల్లో తెలుస్తుంది. సూర్య పగడం నెలల తరబడి ఓర్చుకుంటుంది. వడ్డీ వేళకు కడుతూ, గోడౌన్‌లో సరుకు ఖాళీ అయిపోయిన అప్పుఖాతాలను నేను ఉద్యోగంలో చాలా చూశాను. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. ఇదీ అంతే. రంగు అలాగే ఉంటుంది, రాత్రి విచ్చుకోవడం మాత్రం మెల్లగా తగ్గుతుంది. తరువాత నోటికీ నోటికీ మధ్యనున్న పలచని కండ వెనక్కి పోయి, తెల్లటి రాయి కనిపిస్తుంది. ఆ తెలుపు కనిపించిందంటే ఎన్నాళ్ళ పస్తో అనుకోవాలి. అప్పటికీ ఓపిగ్గా పెడితే కొన్ని తిరిగి కోలుకుంటాయి.

బాగా తింటే పెరగడం కూడా చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద గొట్టాల మొదట్లో ఆవగింజంత మొగ్గ లేస్తుంది, అదే కొత్త నోరు. మావాడు తెచ్చినప్పుడు పన్నెండు నోళ్ళట. రెండేళ్ళలో నలభై దాటాయి. ఒక్కోసారి ఇది పిల్లల్ని నీళ్ళలోకి వదులుతుంది. అవి కొన్నాళ్ళు ఈది, ఏ రాతి అడుగునో అంటుకుని కొత్త కుదురు పెడతాయి. తొట్టి వెనక అద్దం మీద గోరంత నారింజ చుక్క ఒకటి మా కోడలు నాకు చూపించింది. "మామయ్యా, ఇది మేము తెచ్చింది కాదు, ఇక్కడే పుట్టింది" అని ఇంట్లో పాప పుట్టినంత సంబరంగా చెప్పింది.

తొట్టిలో ఇంత సుకుమారంగా చూసుకోవలసిన ఈ ప్రాణి, తన ఊరు కాని సముద్రంలో పడితే ఎవరి చేతి ముద్దా అక్కర్లేకుండా బలిసిపోతోంది. దీని పుట్టిల్లు మన హిందూ మహాసముద్రం, పసిఫిక్. 1943లోనే కరీబియన్‌లో కనబడింది. బ్రెజిల్‌లో 1980లలో చమురు వేదికల కాళ్ళకు అంటుకుని వచ్చి, తరువాత రియో ప్రాంతపు తీరం రాళ్ళన్నీ ఆక్రమించింది. హ్యూస్టన్‌కు దిగువన గల్ఫ్‌లో ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ అనే రక్షిత పగడపు దిబ్బలున్నాయి. అక్కడ డైవర్లు దిగి దీన్ని ఊడబెరికి పారేస్తున్నారు. సముద్రంలో ఒరవడి రాత్రంతా మేత తెచ్చి పెడుతుంది మరి.

ఇక నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన అసలు విషయానికి వస్తాను. మా అక్క కొడుకు హోసూరులో ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నేను హ్యూస్టన్ కబుర్లు చెప్పినప్పటి నుంచీ వాడికి ఉప్పునీటి తొట్టి పిచ్చి పట్టింది. కొద్ది నెలల కిందట ఎవరో వ్యాపారి సెల్‌ఫోనులో ఒక ఫోటో పంపాడు. సూర్య పగడం, ఎనిమిది వేలు, పెట్టెలో పెట్టి బస్సుకు వేస్తాం, సగం ముందు పంపండి అని. వాడు ఆ ఫోటో తీసుకుని కావేరిపట్టణం వచ్చాడు.

ఆ ఫోటోలో నేను మొదట చూసింది రంగు కాదు, నోళ్ళ మధ్య తెలుపు. అది అప్పటికే పస్తుల్లో ఉంది. ఆ మాటే చెప్పాను. తరువాత చట్టం సంగతి చెప్పాను. మన దేశంలో రాతి పగడాల జాతులన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. అమ్మినా, కొన్నా, దగ్గర పెట్టుకున్నా నేరమే. మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తరువాత 25 వేలకు తగ్గని జరిమానా. విదేశం నుంచి వచ్చిన సరుకండీ అంటారు. అయితే కాగితాలు చూపించమని అడగమన్నాను. అడిగితే అటునుంచి జవాబు రాలేదు.

ఇంత కఠినమైన చట్టం ఎందుకని వాడడిగాడు. అడగవలసిన ప్రశ్నే. తూత్తుకుడి, రామేశ్వరం మధ్య మన్నార్ సింధుశాఖలో 21 దీవులు కలిపి 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనం చేశారు. అక్కడ సున్నానికీ, కట్టడాలకూ ఏళ్ళ తరబడి పగడాలను బండ్లకొద్దీ తవ్వుకున్నారు. అలల్ని ఆపే దిబ్బ పోయేసరికి ఆ 21లో రెండు దీవులు నీట మునిగాయి. తొట్టికోసం విరిచే పిడికెడు ముక్క దీవిని ముంచకపోవచ్చు. కానీ ఏది పిడికెడు, ఏది బండెడు అని సముద్రం మధ్యలో తూచేవాళ్ళెవరు?

వాడు అన్నీ విని, చివరికి ఒక మాటన్నాడు. "సరే మామా. కానీ మనం తీసుకోకపోతే అది ఆడనే పస్తుతో చచ్చిపోతుంది గదా? నేనైనా తిండి పెడతాను." చట్టం కంటే ఈ మాటకు జవాబు చెప్పడం కష్టం. వాడి మనసు మంచిదే. కానీ ఆ పెట్టె ఖాళీ అయిన మరుసటి రోజే ఆ వ్యాపారి అందులో ఇంకొకటి తెచ్చి పెడతాడు. అమ్ముడుపోయిన సరుకే మళ్ళీ ఆర్డరవుతుంది. ముప్పై ఏళ్ళుగా వ్యాపారుల స్టాకు పుస్తకాలు చూస్తున్నవాణ్ణి, ఆ లెక్కలో నాకు సందేహం లేదు. పైగా వారం మార్చి వారం నైట్ షిఫ్టు వాడికి. రాత్రి ఎనిమిదింటికి పిప్పెట్ పట్టుకునేదెవరు? మా అక్కకు చీకట్లో చూపు ఆనదు.

వాడు గంటసేపు మాట్లాడలేదు. భోజనం చేసి, సాయంత్రం బస్సుకు హోసూరు వెళ్ళిపోయాడు. ఆ ఫోటోలోని పగడం ఏమైందో మాకు తెలియదు.

తొట్టి మాత్రం పెట్టాడు. అందులో రెండు క్లౌన్ చేపలున్నాయి, నారింజ రంగు మీద తెల్లపట్టీలవి. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు ఈ చేపలను సముద్రం నుంచి పట్టకుండా హేచరీలో గుడ్లు పొదిగించి పెంచే పద్ధతిని మన దేశంలో రూపొందించారు. అలా హేచరీలో పుట్టిన జతనే ఏరి తెచ్చుకున్నాడు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చిటికెడు గింజమేత చాలు. వాడు షిఫ్టులో ఉన్నప్పుడు మా అక్క వేస్తోంది.