రిపోర్టులో ఎర్ర అంకె

కిందటి సంచికలో నామినీ పేరు రాయని ఫిక్సెడ్ డిపాజిట్ల గురించి రాశాను. ఈసారీ అంకెలే. అయితే బ్యాంకువి కావు, మా అబ్బాయి రక్తానివి.

మా వాడికి ఇరవై మూడేళ్ళు. డిగ్రీ అయి తమిళనాడు పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడు. రాత పరీక్షంటే భయం లేదు గానీ 1500 మీటర్ల పరుగు, తాడు ఎక్కడం ఉన్నాయే, వాటి బెంగ. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి మనలి న్యూటౌన్ వైపు పరుగు, సాయంత్రం జిమ్ములో బరువులు. మూడు నెలలుగా ఒక్క రోజు సెలవు లేదు. వాడి పట్టుదల గురించి బ్రాంచిలో నేను చెప్పుకోని రోజూ లేదు.

ఇలా ఉండగా వాడి పేర బీమా పాలసీ తీసుకుందామని రక్తపరీక్ష చేయించాను. ఎస్‌జీఓటీ 40 లోపు ఉండాల్సింది 186 ఉంది. ఎస్‌జీపీటీ 92. సీఆర్‌పీ కూడా పైనే. మూడూ ఎర్ర అంకెల్లో అచ్చయి వచ్చాయి. మా బావమరిది కాగితం చూసి తల పంకించి, "బావగారూ, ఇది లివరు వ్యవహారం. కుర్రాడు సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నాడో కాస్త కనుక్కోండి" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా కాగితం చూసి మనిషిని అంచనా కట్టే ఉద్యోగం నాది. ఆ రాత్రి వాడు జిమ్ము నుంచి రాగానే గుమ్మంలోనే ఆపి, "నోరు తెరువు" అన్నాను. వాసన చూశాను. వాడేమీ అనలేదు. చెంబెడు నీళ్ళు తాగి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోనాడు డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాం. ఆవిడ అమ్మగారిది నెల్లూరు, తెలుగు చక్కగా మాట్లాడతారు. కాగితం పక్కన పెట్టి, "రక్తం ఇచ్చిన ముందు రోజు ఏం చేశావు నాయనా?" అని వాణ్ణి అడిగారు. ఆ వారమే తాడు ఎక్కడం కొత్తగా మొదలుపెట్టాడట. ముందు రోజు బరువులెత్తి, ఆపైన తాడు కూడా ఎక్కాడట. ఆవిడ నవ్వి ఇంకో పరీక్ష రాశారు. దాని పేరు సీకే, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది. అది మామూలు కంటే పది రెట్లు పైన వచ్చింది.

సంగతేమిటంటే, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివరు సొత్తే కాదు, కండరంలోనూ ఉంటాయి. కండ నలిగితే రక్తంలోకి కారతాయి. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, బరువులెత్తే అలవాటు లేని 15 మంది ఆరోగ్యవంతుల చేత ఒక్క గంట బరువులెత్తించారు. ఏడు రోజుల తర్వాత కూడా ఈ అంకెలు దిగలేదు. బిలిరుబిన్, జీజీటీ మాత్రం కదల్లేదు. మా వాడి రిపోర్టులోనూ ఆ రెండూ నల్ల అంకెల్లోనే ఉన్నాయి. నేను ఎర్రవి మాత్రమే చదివాను.

కామర్సు చదివినవాణ్ణి, ఈ విషయం అర్థం చేసుకోవడానికి నాకు నెల పట్టింది. నాకు అందినంత వరకు చెబుతాను. గట్టిగా శ్రమ చేసినప్పుడు కండరాల పోగులు అక్కడక్కడ చిట్లుతాయి. కొన్ని గంటల్లో ఒక రకం తెల్ల కణాలు అక్కడికి చేరతాయి. ఆ వెనక మరో రకం వచ్చి చెత్త ఎత్తిపోసి, కొత్త పోగు కట్టడానికి సాయపడతాయి. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేది, మనం వాపు, సలపరం అనేది ఇదే. రెండో రోజు మెట్లు దిగలేకపోవడానికి కారణమూ ఇదే. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని జిమ్ముల్లో చెబుతుంటారు గానీ, అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది.

చిత్రమేమిటంటే, పనిచేసే కండరం తానే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. మారథాన్ పరుగు తర్వాత అది 100 రెట్ల దాకా పెరగవచ్చు. ఒళ్ళంతా జబ్బు చేసినప్పుడు పెరిగేదీ ఇదే. అయితే వ్యాయామంలో దాని వెనకనే మంటను చల్లార్చే పదార్థాలు వస్తాయి. కోపెన్‌హేగన్‌కు చెందిన బెంటే పెడెర్సెన్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని వివరించి, కండరం పంపే ఇలాంటి కబుర్లకు మయోకైన్లు అని పేరు పెట్టింది.

కణం లోపల ఇంకో ఏర్పాటు ఉంది. 1960ల మొదట్లో ఇటలీలో ఫెర్రుచ్చో రిటోసా ఈగల మీద పరిశోధన చేస్తుండగా, ఎవరో తెలియక పెట్టెలో వేడి పెంచేశారు. ఆ ఈగల క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బి కనిపించాయి. 1962లో ఆయన ఆ సంగతి ప్రచురించాడు. వేడికి వంకర పోయిన ప్రొటీన్లను సరిచేసే పనివాళ్ళ కోసం కణం అప్పటికప్పుడు ఆర్డరు వేస్తోందని తర్వాత తేలింది. వాటినే హీట్ షాక్ ప్రొటీన్లు అంటున్నారు. కఠిన వ్యాయామంలోనూ ఇవి పుడతాయి, మరుసటి దెబ్బకు కణాన్ని సిద్ధం చేస్తాయి.

అందుకే ఈ మంటను మొత్తంగా ఆర్పేయకూడదు. మా బావమరిది ఆ తర్వాత పశ్చాత్తాపంతో విటమిన్ సి, ఇ బిళ్ళల డబ్బాలు తెచ్చిచ్చాడు. 2009లో జర్మనీలో మైకేల్ రిస్టో బృందం వ్యాయామం చేసే యువకులకు నాలుగు వారాల పాటు రోజుకు 1000 మిల్లీగ్రాముల సి, 400 యూనిట్ల ఇ ఇచ్చి చూసింది. ఇన్సులిన్ బాగా పనిచేయడమనే వ్యాయామ ఫలం ఆ బిళ్ళలు వేసుకున్నవాళ్ళకు దక్కలేదు. మా డబ్బాలు మూత తియ్యకుండానే ఉన్నాయి. ఉసిరికాయ పచ్చడికి మాత్రం మా ఇంట్లో ఏ ఆంక్షా లేదు.

మరి హాని ఎక్కడంటే, రిపేరు అయ్యే లోపలే మళ్ళీ మళ్ళీ దెబ్బ పడటంలో. ఎముక సంగతి చూడండి. అరిగిన భాగాన్ని తవ్వి తీసే కణాలు వారాల్లో పని ముగిస్తాయి. పూడ్చి కట్టే కణాలకు నెలలు పడుతుంది. పాత లోను మూసేశారు, కొత్తది ఇంకా శాంక్షను కాలేదు. ఆ మధ్యలో పార్టీ పరిస్థితి ఎలా ఉంటుందో నాకు తెలుసు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో మన పి.వి. సింధుకు క్వార్టర్ ఫైనల్లోనే పాదం నొప్పి మొదలైంది. అలాగే ఆడి బంగారు పతకం గెలిచింది. తర్వాత చూస్తే ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్. టోక్యో ప్రపంచ పోటీలు వదులుకుంది, 2023 జనవరి దాకా కోర్టులో కనపడలేదు. అన్ని సదుపాయాలున్న అమ్మాయికే అలా అయింది. మా వాడికి కోచ్ కూడా లేడు, సెల్‌ఫోన్ వీడియోలే గురువు.

డాక్టరు గారు ఒక హెచ్చరిక చేశారు. తీవ్రంగా శ్రమించాక మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. నలిగిన కండరంలోని పదార్థం కిడ్నీలను దెబ్బతీయగలదు.

ఇంకొకటి మన పేటకే సంబంధించింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మనలిని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు, గట్టిగా పరిగెత్తేవాడు 100 లీటర్ల దాకా లాగుతాడు. చలికాలం తెల్లవారుజామున పొగ నేల మీదే పరచుకుని ఉంటుంది. ఆ పొగ ఊపిరితిత్తుల్లో పెట్టే మంటకు ఏ ప్రతిఫలమూ లేదు. అందుకని ట్యాంకరు లారీలు తిరిగే రోడ్డు మాన్పించి, ఎండ కాస్త వచ్చాక మైదానంలో పరిగెత్తమన్నాం. ఇప్పుడు స్టాప్‌వాచీ పట్టుకుని గట్టు మీద నిలబడేది నేనే.

పది రోజుల విశ్రాంతి తర్వాత మళ్ళీ రక్తం ఇచ్చాడు. ఎస్‌జీఓటీ 31. ఆ కాగితం తెచ్చి వాడి పుస్తకాల మీద పెట్టాను. "చూశాను నాన్నా" అన్నాడు తల ఎత్తకుండా. ఆ రాత్రి సంగతి ఎత్తుదామని రోజూ అనుకుంటాను. మైదానంలో వాడు రొప్పుతూ వచ్చి "ఎంత?" అని అడుగుతాడు, నేను నిమిషాలు, సెకన్లు చెబుతాను.